వీపుతో చేసిన పర్యవేక్షణ

మా మనవరాలు నర్సు. మూడు నెలల కొలువుకని పొరుగు రాష్ట్రం వెళితే అక్కడ మన రిజిస్ట్రేషన్ చెల్లదన్నారట, వాళ్ళ పెద్ద నర్సు పర్యవేక్షణలో కొన్నాళ్ళు పని చేసి చూపిస్తేగాని సొంతంగా సూది కూడా వెయ్యనివ్వరట. మొన్న ఫోనులో ఒకటే గోల. నాకు నవ్వాగలేదు. పర్యవేక్షణ అన్న మాట చెవిన పడితే నాకు ఈనాటికీ ఒళ్ళు మండుతుందని పాపం దానికేం తెలుసు!

నేను పని నేర్చుకున్నది కృష్ణకు అవతల, నిజాం రాజ్యంలో. పెద్దాసుపత్రిలో దొరసాని నర్సుల చీవాట్లు తింటూ చదువు ముగించి, ఎన్నో పురుళ్ళు పోసి, పంతొమ్మిదివందల నలభైల్లో మా ఆయనకు మాచర్ల రైలు స్టేషనుకు బదిలీ కావడంతో ఇవతలికి వచ్చాను. నాకు వచ్చిన పనంతా ఏరు దాటేటప్పుడు నీళ్ళలో జారిపోయింది కాబోలు, ఇది మద్రాసు ప్రెసిడెన్సీ, ఇక్కడి రిజిస్టరులో పేరెక్కనిదే పురుడు పోస్తే నేరమన్నారు. పేరెక్కాలంటే ఇక్కడి డాక్టరు ఎదుట మళ్ళీ కొన్ని కాన్పులు చేసి, ఒక్కొక్కదానికీ ఆయన సంతకం తెచ్చుకోవాలి. అప్పుడుగాని తాలూకా ఆసుపత్రిలో నర్సు కొలువివ్వరు.

ఆయన ఎదుట అంటే ఏమిటో నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో మా వైపు పురిటిగది దరిదాపులకు మగవాణ్ణి రానిచ్చేవారు కాదు, డాక్టరైనా సరే. అంచేత ఆ మహానుభావుడు వీధి అరుగు మీద, గదికి వీపు పెట్టి, ఆ ఇంటివారు వేసిన కుర్చీలో కూర్చుని, వారిచ్చిన మజ్జిగ తాగుతూ, వచ్చేపోయేవాళ్ళతో లోకాభిరామాయణం మాట్లాడేవారు. లోపల నేను చెమటలు కక్కేదాన్ని. బిడ్డ ఏడుపు వినబడగానే గొంతు సవరించుకుని, ఆడా మగా అని అడిగి, తన పర్యవేక్షణలో కాన్పు సవ్యంగా జరిగిందని సంతకం గిలికేవారు.

ఇంకొక్క సంతకమే మిగిలి ఉండగా, ఎండలు మండిపోతున్న ఒక మధ్యాహ్నం నాపరాళ్ళ క్వారీ నుంచి ఒక ముసలమ్మ రొప్పుతూ మా ఇంటికి వచ్చింది. కోడలు నొప్పులు పడుతోంది, బిడ్డ కాలు ముందు బయటికొచ్చింది. ఆమెను వెంటబెట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తి డాక్టరు గారిని బతిమాలాను. ఆయన తాపీగా, “క్వారీ గుడిసెలకు అరుగేదమ్మా? నేనెక్కడ కూర్చోవాలి?” అన్నారు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగారు. తాను లేకుండా వెళితే ఇదివరకటి సంతకాలు కూడా రద్దు చేయిస్తానని పైగా సెలవిచ్చారు. ముసలమ్మ నా మొహంలోకే చూస్తూ నిలబడింది. ఆ కొలువు మీద నేనెంత ఆశ పెట్టుకున్నానో నాకు తెలుసు. అయినా వెళ్ళాను. బిడ్డ ఎదురుకాళ్ళతో, నీలంగా వచ్చింది, కాసేపటికి ఏడ్చింది. తల్లీ బతికింది.

మర్నాడే డాక్టరు గారు అన్నంత పనీ చేశారు. అనుమతి లేని వైద్యమని మద్రాసుకు రాశారు, నా దరఖాస్తు తిరిగొచ్చింది. సంగతి తెలిసి ముసలమ్మ నేరుగా ఆసుపత్రికి వెళ్ళింది, వద్దంటూ వెనకే నేనూ వెళ్ళాను. “నువ్వొచ్చుంటే నీ పేరే రాసుకునేవోడివి గదయ్యా. నువ్వు రాకపోతే ఆయమ్మది తప్పెట్టా అవుద్ది? నా కోడలు చస్తంటే చూస్తా కూకోమంటావా ఏంది?” అని నిలదీసింది. ఆయన కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నారు. వీపు చూపడం ఆయనకు బాగా అలవాటు కదా.

ఆయన బదిలీ అయి, ఇంకొకరు వచ్చి, నేను మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టి లైసెన్సు సంపాదించేసరికి ఏళ్ళు గడిచాయి. ఆ ఏళ్ళన్నీ క్వారీ ఆడవాళ్ళు నన్ను చాటుగా పిలుస్తూనే ఉన్నారు, నేను వెళుతూనే ఉన్నాను. ఫలానా తేదీ నుంచి కాన్పులు చేయడానికి నేను అర్హురాలినని ఆ లైసెన్సులో రాశారు. అంతకుముందు నా చేతుల్లో పడ్డ పిల్లలంతా వాళ్ళంతట వాళ్ళే పుట్టారన్నమాట!

ఇప్పుడు డాక్టర్లు గది లోపలికే వస్తున్నారు, అది మంచిదే, కాదనను. కాని ఎక్కడ చదివావు, ఎవరి సంతకం తెచ్చావు అని అడగకుండా చెయ్యి పట్టుకుని గుడిసెలోకి తీసుకుపోయిన ఆ ముసలమ్మల్లో ఒక్కరూ మిగల్లేదు. నా చేతులా, మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్నా వణుకుతున్నాయి. లైసెన్సు మాత్రం ఇప్పటికీ చెల్లుతుందట.