ఓట్ల మావయ్య చెప్పిన లోపం

బస్సు డిపోలో టైర్లు మార్చే ఆయన్ని అందరూ ఓట్ల మావయ్య అంటారు. కార్మిక సంఘం ఎన్నికలు జరిపించేది ఎప్పుడూ ఆయనే. గ్రీజు వేళ్లు తుడుచుకుని, క్యాంటీన్ బల్ల మీద టీ గ్లాసులు అటూ ఇటూ జరుపుతూ పాఠం మొదలుపెడతాడు. "ఎక్కువ ఓట్లొచ్చినవాడే గెలుస్తాడంటే, మిగతావాళ్ల మధ్య ఓట్లు చీలి, సగంమందికి పైగా వద్దన్నవాడు కూడా గద్దెనెక్కుతాడు. ఎవరెక్కువ ఇష్టమో ఒకటి, రెండు, మూడని వరుస రాయిస్తే ఆ బాధ ఉండదు గానీ, లెక్క ఓ పట్టాన తెమలదు." మొన్న కొత్త మేనేజరు ఎదురుగా కూర్చుని మరీ విన్నాడు. మావయ్య ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

"మరి చేతులెత్తించే పద్ధతిలో లోపమేంటి మావయ్యా?" అనడిగాడు మేనేజరు.

"ఎవరు ఎత్తలేదో అందరికీ కనబడుతుంది బాబూ. భయమున్నచోట అది పనికిరాదు."

మేనేజరు ఆయన భుజం తట్టి వెళ్లాడు.

ఈరోజు సంఘం సమావేశంలో చీటీల డబ్బా లేదు. పోటీలో మేనేజరు బావమరిది ఉన్నాడు, తలుపు దగ్గర మేనేజరు ఉన్నాడు. "మా బావమరిదికి ఓటేసేవాళ్లు చేతులెత్తండి. మావయ్య లెక్కపెడతాడు." ఎవరూ కదల్లేదు. లెక్క మొదలుపెడదామని మావయ్య అలవాటుగా వేలు చూపిస్తూ చెయ్యి పైకెత్తాడు.

"చూశారా, మావయ్యే ముందు ఎత్తాడు!" అన్నాడు మేనేజరు.

ఒక్కొక్కటిగా చేతులు లేచాయి. తన చెయ్యి దించడానికి మావయ్యకి ధైర్యం చాలలేదు.