వేడి తెలియని చెయ్యి

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళను చిన్నప్పటి నుంచీ ఏడిపించేదాన్ని. ఇప్పటికీ వాటిని నమ్మను. పైగా నేను మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెబుతాను. ఎవరైనా ఏదో కనిపించిందంటే ముందు నరాల సంగతి అడిగే రకాన్ని. అయినా ఇది ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే మనసు ఆగడం లేదు.

మాది కలకత్తాలో వాట్‌గంజ్. నాన్న రేవులో ఓడల దగ్గర తాళ్ళు లాగే పని చేసి, నా కూతురు పుట్టకముందే పోయారు. ఆ దిగులులోనే అమ్మకు పక్షవాతం వచ్చింది. నడక, మాట తిరిగొచ్చాయి. కుడి చేతికీ, కుడి కాలికీ మాత్రం వేడీ చల్లదనమూ తెలియవు. తాకితే మామూలుగానే తెలుస్తుంది.

ఇందులో వింతేమీ లేదు. స్పర్శ ఒక దారిలో, వేడి, నొప్పి మరో దారిలో మెదడుకు ఎక్కుతాయి. మెదడు అడుగున కాండంలాంటి భాగం ఉంటుంది. దాని గుండా స్పర్శ నడిమధ్యన పోతే, వేడి అంచు వెంట పోతుంది. అమ్మకు దెబ్బతిన్నది ఎడమ అంచు. కుడి వైపు నుంచి వచ్చే వేడి కబురు అక్కడే ఆగిపోతుంది. ఏటా పిల్లలకు బోర్డు మీద గీసి చెప్పే బొమ్మే ఇది.

పాపకు నీళ్ళు పోసే పని మాత్రం అమ్మ ఎవరికీ వదల్లేదు. కాళ్ళు చాపుకుని, పాపను వాటి మీద బోర్లా పడుకోబెట్టుకునేది. నీళ్ళ వేడి ఎడమ చేత్తో చూడాలని చెప్పాను. ఎన్నేళ్ళ అలవాటో, మరిచిపోయి కుడి చెయ్యే ముంచేది. అందుకని నేనే చన్నీళ్ళు కలిపి ఇచ్చేదాన్ని.

ఆ రోజు గంగ మీది పొగమంచు మా వీధిలోకి వచ్చేసింది. తెల్లారినా తెల్లారనట్టే ఉంది. ఎక్కడో ఓడ కూసింది. స్నానాల గదిలో ఆవిరి, సాంబ్రాణి పొగ కలిసిపోయి అంతా నిద్రమత్తులా ఉంది. సలసల కాగిన నీళ్ళు బకెట్లో పోశాను. చూస్తే కుళాయి రావడం లేదు. ఆగమని చెప్పి, వరండాలో డ్రమ్ము దగ్గరికి వెళ్ళాను. అమ్మ కీర్తన పాడుకుంటోంది, నా మాట వినలేదు.

"ఏటే, అంత గట్టిగా పట్టేసినావు? ఒగ్గు!"

అమ్మ గొంతే. నేను చన్నీళ్ళు పట్టుకుని అప్పుడే గుమ్మంలోకి వచ్చాను. అమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. పాప వీపు మీదికి ఎత్తిన మగ్గు అలాగే గాలిలో ఆగిపోయింది. పొగలు కక్కుతోంది. అమ్మ వెనక ఎవరూ లేరు.

మగ్గు లాక్కున్నాను. నా వేళ్ళు చురుక్కుమన్నాయి. అమ్మ చెయ్యి అప్పటికే ఎర్రగా కందిపోయింది. సాయంత్రానికి బొబ్బలెక్కింది. పాప ఒంటి మీద చుక్క పడలేదు.

"నువ్వు కాదేటి?" అంది అమ్మ. చాలాసేపు మణికట్టు వైపే చూసుకుంది. "గరుగ్గా ఉంది సెయ్యి. తాళ్ళు లాగినోల్ల సెయ్యిలాగ."

ఇద్దరం ఎవరి పేరూ ఎత్తలేదు. చల్లగా ఉందా, వెచ్చగా ఉందా అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

"ఆ సేతికి ఏటి తెలుస్తాది?" అని అమ్మ ఏడ్చేసింది. "ఎడం సెయ్యి పట్టుకున్నా బాగున్ను."

దెబ్బతిన్న మెదడు లేని స్పర్శను పుట్టించగలదు. అది నాకు తెలుసు, క్లాసులో అదే చెబుతాను. సరిగ్గా ఆ క్షణంలోనే ఎందుకు పుట్టించిందో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.

ఇప్పుడు నీళ్ళు నేనే రెండుసార్లు చూసి ఇస్తున్నాను. కుడి చేతి బొబ్బలూ ఎప్పుడో మానిపోయాయి. అయినా ఎడమ చేత్తో ఎవరికీ ఏమీ ఇవ్వని మా అమ్మ, పాపకు నీళ్ళు పోసేటప్పుడు మగ్గు ఎడమ చేత్తోనే ఎత్తుతోంది. ఎత్తి, ఒక్క క్షణం ఆగుతోంది.