ఉప్పల్‌కి దారి రాసిచ్చాను

చదువుకోవడానికి విదేశం వచ్చి ఎటోబికోలో మేమిద్దరం అద్దెకున్న బేస్‌మెంట్ పైన ఇంటావిడ ఒక్కతే ఉండేది. అరవై ఏడేళ్ళు. భర్త పోయాడు, పిల్లలు లేరు. జీవితంలో విమానం ఎక్కింది రెండేసార్లు, రెండూ ఫ్లోరిడాకే. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఆమె మెట్లు దిగి వచ్చి, నా మంచానికి ఎదురుగా ఖాళీగా ఉన్న మంచం మీద కూర్చుంది.

"నేను హైదరాబాద్ వెళ్తున్నాను. టికెట్ కూడా తీసుకున్నాను. అక్కడ ఎలా తిరగాలో, ఎలా ఉండాలో నువ్వు నాకు రాసివ్వాలి," అంది.

ఆ మంచం నా రూమ్మేట్‌ది. ఫిబ్రవరిలో చనిపోయింది. న్యుమోనియా. మేమిద్దరం ఒకే కాలేజీలో ఒకే కోర్సు చదివేవాళ్ళం. ఆమెది కరీంనగర్ వైపు. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోతే అక్కే పెంచింది. ఆ అక్క ఇప్పుడు హైదరాబాద్‌లో, ఉప్పల్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. ఇక్కడి తెలుగువాళ్ళు తలా ఒక చెయ్యి వేసి శవాన్ని పది రోజుల్లో పంపించారు. సామాన్లు మాత్రం రెండు సూట్‌కేసుల్లో మంచం కింద ఉండిపోయాయి. ఇంటావిడ వాటిని స్వయంగా తీసుకెళ్ళి ఆ అక్క చేతికి ఇస్తానంటోంది.

"కొరియర్‌లో పంపొచ్చు కదా," అన్నాను.

"పంపొచ్చు," అంది.

నేనే వెళ్ళాల్సింది. కానీ ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్ ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేసి ఉన్నాను, ఇంకా రాలేదు. దేశం దాటితే తిరిగొచ్చాక పని చేసుకోనిస్తారో లేదో తెలియదు. ఆ సంవత్సరం మాలాంటి వాళ్ళు ఎక్కడ చూసినా ఉండేవాళ్ళు. ఒక్కో బేస్‌మెంట్‌లో ఐదుగురు ఆరుగురు. అందరిదీ ఇదే భయం. అలా, నా ఊరికి ఎలా వెళ్ళాలో నేను ఇంకొకరికి రాసివ్వాల్సి వచ్చింది.

నాలుగు ఆదివారాలు ఆమె వంటింట్లో కూర్చుని రాశాను. ఆమె అడగడం, నేను చెప్పడం, చెప్పింది కాగితం మీద పెట్టడం. నేను పుట్టి పెరిగింది దిల్‌సుఖ్‌నగర్‌లో. అయినా ఆ ఊరిని ఎప్పుడూ కొత్తవాళ్ళ కళ్ళతో చూడలేదు. విమానం తెల్లవారుజామున దిగుతుంది కాబట్టి బయట పిలిచేవాళ్ళ వెంట పోకుండా ఫోన్‌లో బుక్ చేసుకున్న క్యాబే ఎక్కమన్నాను. ప్లగ్గుకి అడాప్టర్ ఇక్కడే కొనుక్కోమన్నాను. సీలు తియ్యని బాటిల్ నీళ్ళే తాగాలి. పర్సులో చిల్లర నోట్లు ఉండాలి. రోడ్డు దాటేటప్పుడు ఆగే బండి కోసం చూస్తూ నిలబడకూడదు, పక్కన ఇంకో మనిషి దాటుతుంటే వాళ్ళతో కలిసి దాటెయ్యాలి. ఆమె వెళ్ళేది మే నెల చివర. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న మాట ఆమెకి ఎలా చెప్పాలో తెలియలేదు. పదకొండు నుంచి నాలుగున్నర దాకా గది దాటొద్దని రాసి, కింద రెండు గీతలు గీశాను. హోటల్ అమీర్‌పేటలో చూశాను. అక్కడ మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా ఉప్పల్‌లో దిగొచ్చు. నాగోల్ వైపు వెళ్ళే రైలు. ఆడవాళ్ళకి వేరే పెట్టె ఉంటుంది. స్టేషన్ నుంచి ఆటో. ఇంటి నంబరు చూపిస్తే ఆటో అతనికి తెలియదు, నీళ్ళ ట్యాంకు పేరు చెప్పాలి, దాని వెనక సందులో మూడో ఇల్లు, రెండో అంతస్తు.

చివరి పేజీ ఆ ఇంటి గురించి. గుమ్మం ముందే చెప్పులు విప్పాలి. మంచినీళ్ళిస్తారు, సీలు బాటిల్ సంగతి మర్చిపోయి ఒక గుక్కయినా తాగాలి. పూలగుత్తి పట్టుకెళ్ళకూడదు. లేచేటప్పుడు మళ్ళీ వస్తానని అనకూడదు, చావు జరిగిన ఇంట్లో ఊరికే లేచి వచ్చెయ్యాలి.

ఆమె అంతా చదువుకుని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ రోజు ఆ పిల్ల దగ్గుతుంటే నేను చీపురు కర్రతో నేల మీద కొట్టాను. నిద్ర పట్టట్లేదని. ఆ సంగతి వాళ్ళ అక్కకి చెప్పాలా?"

నాకు తెలుసు. రూమ్మేటే చెప్పింది.

దానికి జ్వరం మొదలైంది గురువారం. శుక్రవారానికి దగ్గు. నేను ఊరి నుంచి తెచ్చుకున్న డోలో మాత్రలిచ్చాను. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే, "ఏం గాదే, రెండ్రోజుల తగ్గుతది. ఆళ్ళు ఎంత బిల్లేస్తరో ఏమో," అంది. కాలేజీ ఫీజులోనే మాకు ఇన్సూరెన్స్ ఉందని ఇద్దరికీ లీలగా తెలుసు. కార్డు ఎక్కడుంటుందో, దాన్ని పట్టుకుని ఏ క్లినిక్‌కి వెళ్ళాలో తెలియదు. సోమవారం కాలేజీలో అడుగుదామన్నాను. శని, ఆదివారాలు నాకు బేకరీ ప్లాంట్‌లో డబుల్ షిఫ్టులు. ఒక్కటైనా మానుకోవచ్చు. మానలేదు. మానితే వచ్చే వారం పని గంటలు తగ్గిస్తారు. ఆదివారం సాయంత్రం నేను వచ్చేసరికి అది దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"పైనామె కొడుతున్నది. దగ్గు ఆపుకుంటున్న," అంది.

సోమవారం పొద్దున పెదాలు నీలంగా మారాయి. అంబులెన్స్ పిలిచాను. బుధవారం పోయింది. ఇన్సూరెన్స్ కార్డు కాలేజీ మెయిల్‌లోనే ఉంది, ఇద్దరికీ వచ్చింది, ఇద్దరమూ తెరవలేదు. తర్వాత అక్క ఫోన్‌లో అడిగితే, "ఒక్కరోజే జ్వరం అక్కా, ఉన్నట్టుండి ఎక్కువైంది," అన్నాను. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. వచ్చాక వెనక్కి తీసుకోలేదు.

ఇంటావిడ నావైపే చూస్తోంది.

"చెప్పకండి. వినే స్థితిలో లేదు ఆమె," అన్నాను.

అది ఆ అక్క కోసం అన్న మాట కాదు. దగ్గు సంగతి బయటికొస్తే ఎన్ని రోజులు దగ్గిందో కూడా బయటికొస్తుంది.

మే చివర ఇంటావిడ వెళ్ళింది. నాలుగో రోజు పొద్దున ఎనిమిదింటికి ప్లాంట్‌లో బ్రేక్ టైమ్‌లో లాకర్ల దగ్గర నిలబడి ఉంటే ఫోన్ మోగింది. అక్క. అక్కడ సాయంత్రం.

"ఆమె ఇప్పుడే పోయింది," అంది. గొంతు మామూలుగానే ఉంది. "కూసున్నది, ఏడ్సింది. చీపురుకట్టెతోని కొట్టిన అని చెప్పింది. నేను ఆమెనేమనలే. ఆమెకేం తెల్సు, మా చెల్లె ఎవరో. శుక్రవారం కాన్నుంచి దగ్గిందట గదా. నాకు ఒక్కరోజే అన్నవ్."

నా లాకర్ తలుపు తెరిచి మళ్ళీ మూశాను.

"నీ కాయితాలు ఈడ్నే మర్సిపోయింది. చదివిన. ఎండల ఎప్పుడు బయటికి రావద్దో, నీళ్ళేవి తాగాల్నో, యాడ ఎక్కాల్నో, యాడ దిగాల్నో, మా ఇంట్ల ఎట్ల కూసోవాల్నో అన్నీ రాసినవ్. మంచిగ రాసినవ్. మా చెల్లెకు దవాఖానకు పోయే తొవ్వ గిట్ల ఎవరన్న రాసిచ్చిన్రా?"

"లేదక్కా."

"నువ్వు ఏడున్నవ్ ఆ నాలుగు రోజులు?"

అప్పుడు చెప్పాను. గురువారం నుంచి బుధవారం దాకా, ఏదీ దాచకుండా. మాత్రలు, షిఫ్టులు, తెరవని మెయిలు, దుప్పటి. బ్రేక్ అయిపోయింది. సూపర్‌వైజర్ వచ్చి ఎదురుగా నిలబడి, నా మొహం చూసి వెళ్ళిపోయాడు. అక్క మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు.

"ఆఖరికి ఏమన్న మాట్లాడిందా?" అని అడిగింది.

అంబులెన్స్‌లో మాస్కు పక్కకి జరిపి ఒకే ఒక మాట అడిగింది. ఆ రోజు షిఫ్టుకి రాలేనని తను పనిచేసే స్టోర్‌కి మెసేజ్ పెట్టావా అని. అదే చెప్పాను. తర్వాత లైన్ కట్ అయిపోయింది.

ఇంటావిడ వారం తర్వాత తిరిగొచ్చింది. మెడంతా చెమటకాయలు. నేను గీతలు గీసి మరీ వద్దన్న వేళలోనే బయటికి వెళ్ళి, అమీర్‌పేట రోడ్డు మీద కళ్ళు తిరిగి పడిపోయిందట. కొబ్బరిబొండాలు అమ్మే ఒకావిడ పట్టుకుని నీడలో కూర్చోబెట్టిందట.

"నువ్వు చెప్పొద్దన్నావు. అక్కడికెళ్ళి ఆమె మొహం చూశాక దాచలేకపోయాను. నీకు నా మీద కోపంగా ఉందా?" అంది.

"లేదు."

"వాళ్ళ అక్క కొడుతుందనుకున్నాను. అన్నం పెట్టింది," అంది. కుళాయి తిప్పి, శుభ్రంగా ఉన్న చేతులే కడుక్కోవడం మొదలుపెట్టింది.

జూన్ చివర గది ఖాళీ చేసి నార్త్ యార్క్‌కి మారిపోయాను. ఎందుకు వెళ్తున్నావని ఆమె అడగలేదు. సామాన్లు కారు దాకా మోసి, నేను వద్దంటున్నా వినకుండా ఒక డబ్బా నిండా బిస్కెట్లు ఒళ్ళో పెట్టింది.

పర్మిట్ ఆ శీతాకాలంలో వచ్చింది. ఆ మరుసటి ఏడాది పదిహేను రోజులకి హైదరాబాద్ వెళ్ళాను. మూడు రోజులు ఆగి, ధైర్యం తెచ్చుకుని అక్కకి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తింది. నేనెవరో చెప్పక ముందే, "ఎప్పుడొచ్చినవ్?" అంది.

"సోమవారం వచ్చా అక్కా. ఒకసారి ఇంటికి రావచ్చా?"

వెనక పిల్లలు ఎక్కాలు చదువుతున్న గోల.

"పరీక్షలు నడుస్తున్నయి. పేపర్లు దిద్దేది ఉన్నది. కుదరదు," అంది.

"సరే అక్కా," అన్నాను.