అత్తమ్మ కేక, జొన్నచేను చిలుకలు

మొన్న పొద్దున నిజామాబాద్‌లో మా అబ్బాయి ఇంటి డాబా మీద బట్టలు ఆరేస్తుంటే, పక్కింటి జామచెట్టు మీది నుంచి చిలుకల గుంపు ఒకటి గోల చేస్తూ లేచింది. నా చెయ్యి దానంతటదే పైకి లేచింది. నోట్లోంచి “హోయ్... హోయ్...” అని పెద్ద కేక వచ్చింది. ఈ వయసులో నాకంత గొంతు మిగిలి ఉందని నాకే తెలియదు. కింద కూరగాయల బండి అతను ఆగి మరీ పైకి చూశాడు. మా మనవరాలు పరుగెత్తుకొచ్చి, “పాపం, ఎందుకు బెదరగొడ్తున్నవ్ నానమ్మా?” అని కోప్పడింది. బెదరగొట్టలేదే, పిలిచాను అన్నాను. అట్లా ఎవరన్నా పిలుస్తారా అని విరగబడి నవ్వింది. పిలుస్తారు. మా ఇంట్లో చిలుకల్ని అట్లాగే పిలిచేవాళ్లం. అది మా అత్తమ్మ పుణ్యం.

నేను కోడలిగా అడుగుపెట్టింది బోధన్ పక్క పల్లెలో, అరవైల మొదట్లో. నిజాంసాగర్ కాలువ నీళ్లు పారినంత మేరా చెరుకూ పసుపే. ఆ రెండూ అమ్మకానికి పోయేవి. ఇంటిల్లిపాదీ ఏడాదంతా తినాల్సింది మాత్రం, నీళ్లెక్కని మిట్ట మీద వేసిన ఒకే ఒక్క జొన్నచేను పంటే. దానికి కాపలా మా అత్తమ్మ. కంకి పాలు పోసుకుందంటే చాలు, ఆమె పగలంతా మంచె దిగేది కాదు. ఒడిసెల తాడులో రాయి పెట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పి వదిలిందంటే, చూపు ఎక్కడ ఆనిందో రాయి అక్కడే పడేది. ఆమెకు లోకంలో పగవాళ్లెవరన్నా ఉంటే చిలుకలే. పిచ్చుక గింజ తిని పోతుంది, చిలుక కంకినే కొరికి ఎత్తుకుపోతుందని ఆమె మంట. ఊళ్లో ఎవరి మీద కోపమొచ్చినా “సిలుక ముక్కోడా” అని తిట్టేదంటే చూసుకోండి.

అట్లాంటి ఇంటికి చిలుకలు కట్టెల బండిలో వచ్చాయి. ఒక మాఘమాసంలో కళ్లం దగ్గర పసుపు ఉడకబెడుతున్నాం. పెద్ద కడాయి కింద మంట ఆరకూడదు. కాలువ గట్టున ఎండిపోయిన వేపచెట్టు కొట్టించి తెచ్చారు. అత్తమ్మ ఒక మొద్దును పొయ్యిలోకి దొర్లిస్తుంటే దాని తొర్రలోంచి కిర్రుమని చప్పుడు వినిపించింది. పెళ్లై వచ్చినప్పటి నుంచీ ఆ ఇంట్లో నా గొంతు గడప దాటలేదు. అట్లాంటిదాన్ని, “అత్తమ్మా, ఆగు! దాంట్ల పాణమున్నది!” అని అరిచాను. కడాయి దగ్గరి మనుషులంతా పొగలోంచి నన్నే చూశారు. మొద్దును వెనక్కి లాగి చూస్తే లోపల రెండు పిల్లలు, ఒళ్లంతా ముళ్లలాగా అప్పుడప్పుడే మొలుస్తున్న ఆకుపచ్చ ఈకలు. అత్తమ్మ వంగి చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. “ఓయమ్మో, జొన్నల దొంగలు! పొలం సాలలేదని ఇంట్లకే వచ్చిండ్రా?” అంది. అంటూనే పసుపు పడిన కొంగుతో వాటి దుమ్ము తుడిచింది.

వాటిని ఈత గంపలో పెట్టుకుని నేనెంత సంబరపడ్డానో చెప్పలేను. చుట్టాలొస్తే బెల్లం ముక్క పెట్టే ఊరు కదా, వాటికీ బెల్లమే పెట్టాను. తినలేదు సరికదా, నా వేలు పట్టుకుని కొరికాయి. జొన్నరవ్వతో వండిన గట్కను పలుచగా చేసి చిటికెన వేలి మీద అందిస్తూ, గంప పక్కన కదలకుండా కూర్చునేదాన్ని. అవి నెమ్మదిగా దగ్గరకు జరగడం, ఇదిగో మూతి పెట్టబోతున్నాయి అనుకోవడం, సరిగ్గా అప్పుడే అత్తమ్మ లోపలికి రావడం! పచ్చరంగు కంటపడితే చాలు, అలవాటు కొద్దీ ఆమె చెయ్యి పైకి లేచేది. “హోయ్!” అని ఇల్లు అదిరేటట్టు కేక వేసేది. పిల్లలు ఎగిరి మూలకు పడేవి. వెంటనే ఆమె, “అయ్యో, నా నోరు పాడుగాను” అని గుప్పెడు పల్లీలు నానేసి, నలిపి పెట్టేది. మర్నాడు మళ్లీ అదే కేక, మళ్లీ పల్లీలు. వానలు పడేనాటికి పిల్లలకు ఒకటే లెక్క తెలిసింది, హోయ్ అంటే పల్లీలని. నేను ముద్దుగా రామ్మా రామ్మా అంటే తల కూడా తిప్పేవి కావు. ఆమె హోయ్ అంటే దూలం మీది నుంచి ఎగిరొచ్చి భుజమెక్కేవి. నాకు ఎంత కుళ్లుగా ఉండేదో! రెక్కలు కత్తిరించమని ఇరుగుపొరుగు చెప్తే అత్తమ్మ, “రెక్కలు కోస్తే అది సిలుకెట్లయితది, కోడయితది” అని వాళ్ల నోరు మూయించింది.

జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో ఒక పొద్దున మా వాకిలి మీదుగా గుంపు పోతుంటే, మావి రెండూ దాంతో కలిసి లేచిపోయాయి. సాయంత్రమైనా రాలేదు. మర్నాడూ రాలేదు. నాకు అన్నం దిగలేదు. ఆ వారంలోనే అత్తమ్మకు సద్ది తీసుకుని చేనుకు పోయి మంచె ఎక్కాను. అప్పుడే ఒక గుంపు వచ్చి కంకుల మీద వాలింది. అత్తమ్మ రాయి అందుకుంది.

“అత్తమ్మా, రాయి వద్దు. మనవి ఉన్నయేమో.”

“ఉంటే నేనేం జేద్దునే? అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయ్. సేను పోతే ఏడాదంత ఏం తింటం?” అంది. ఒడిసెల తిప్పడం మొదలుపెట్టింది. తాడు గాలిని కోస్తున్న చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. తిప్పింది, తిప్పింది, రాయి మాత్రం వదలలేకపోయింది. చివరికి బలమంతా గొంతులోకి తెచ్చుకుని “హోయ్!” అని కేక వేసింది.

చేనంతా ఒక్కసారిగా లేచింది. వందల రెక్కలు కాలువ వైపు తిరిగాయి. అందులోంచి రెండు విడిపోయి, ఎదురుగా, నేరుగా మంచె మీదికే వస్తున్నాయి! నేను గంతులు వేశాను, మంచె ఊగిపోయింది. ఒకటి గుంజ మీద వాలింది. ఇంకొకటి అత్తమ్మ భుజమెక్కి కొంగు ముడిలో ముక్కు పెట్టి వెతుకుతోంది. ఒడిసెలలోని రాయి జారి ఆమె కాళ్ల దగ్గర పడింది. “దొంగదానా, పల్లీలు ఈడ యాడియే!” అని నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది. సద్దిమూటలోని జొన్నరొట్టె తుంచి వాటికి తినిపించింది.

ఆ తర్వాత ఆమె ఒడిసెల పట్టలేదు. ఖాళీ డబ్బా వాయించి చేను కాచింది. పంట కొంచెం తగ్గినట్టే ఉంది, ఇంట్లో ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. అవి గుంపుతో పోతూ, ఆమె కేకకు వస్తూ, చాలా ఏళ్లు ఉన్నాయి. ఆమె చనిపోయిన ఏడు నేను మంచెక్కి కేక వేశాను. ఒకటే వచ్చింది. నా భుజం మీద వాలడం అదే మొదటిసారి.

మొన్న జామచెట్టు మీంచి లేచిన గుంపులో ఒక్కటీ తిరిగి చూడలేదు. అయినా నేను చాలాసేపు భుజం కదపకుండా నిలబడ్డాను. ఏళ్లు కూడా అట్లా గుంపుగానే లేచిపోతాయి. గట్టిగా పిలిస్తే ఒకటో రెండో వెనక్కి తిరిగి, మన భుజం మీద కాసేపు వాలి వెళ్తాయి.