గోడకు అంటించిన సిలబస్

మా గుంత మగ్గం ఎదురుగా గోడకు ఎప్పుడూ ఒక కాగితం ఉంటుంది. నేసే చీరలో ఏ రంగు తర్వాత ఏ రంగు రావాలో దాని మీద రాసి ఉంటుంది. తలెత్తితే కనపడాలని గంజితో అంటిస్తారు.

ధర్మవరంలో డిగ్రీలో చేరిన రోజు ఎకనామిక్స్ సార్ సిలబస్ కాగితం ఇచ్చారు. నాయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూశాడు. "సంచిలో పెడితే నలిగిపోతాదమ్మా. కండ్లముందర ఉండాల," అని రంగుల కాగితం పక్కనే గంజి పూసి నున్నగా అంటించాడు. "ఈ ఒక్క ఏడు చూస్తా. పాసైతే సదువుకో. లేకుంటే మగ్గమే," అన్నాడు.

అమ్మకు చూపు తగ్గింది. మగ్గానికి దారం కండెలు చుట్టేవాళ్ళు లేక వారానికి రెండు రోజులే కాలేజీకి పోయేదాన్ని. మిగతా రోజులు రాట్నం తిప్పుతూ గోడ చూసి చదివాను. ఏ అంశం నోటికొస్తే దాని పక్కన పెన్సిలుతో చుక్క. పరీక్షల నాటికి ఐదు యూనిట్లకూ చుక్కలు పడ్డాయి. గర్వపడలేదంటే అబద్ధం.

హాల్ టికెట్ ఇవ్వలేదు.

"హాజరు లేదు. ఇంటర్నల్సు రాయలేదు. అసైన్‌మెంటు ఇయ్యలేదు. ఇవి లేకుంటే పరీక్షకు రానియ్యరని ఆ కాగితం వెనకపక్కనే ఉండాది కదమ్మా. తిప్పి చూళ్ళేదా?" అన్నారు సార్. క్లాసులో కూడా చెప్పే ఉంటారు. పాఠం కానిది ఏదీ చెవిన పెట్టని మొద్దును నేను.

ఇంటికొచ్చి గోడ మీద నీళ్ళు చల్లి గీకాను. కాగితం పొట్టు పొట్టుగా ఊడింది. వెనక ఏముందో చివరికి ఒక్క ముక్కా చదవలేకపోయాను. అక్కడే కూలబడి ఏడ్చాను.

"ఏమైందమ్మా?" అన్నాడు నాయన.

"ఫెయిలైనా నాయనా."

పరీక్షే రాయలేదని చెప్పలేదు. చెబితే వెనకపక్క సంగతి చెప్పాలి. గంజి పూసింది ఎవరో అప్పుడు ఆయనకే గుర్తొస్తుంది.

ఇప్పుడు గుంతలో కాళ్ళు పెట్టి కూర్చునేది నేనే. సిలబస్ ఉన్నచోట రంగుల కాగితం ఉంది. ఐదు యూనిట్లూ ఇప్పటికీ తడబడకుండా అప్పజెప్పగలను, అడిగే దిక్కు లేదు. ఇంటికి ఎవరొచ్చినా నాయన నన్ను చూపించి, "మా పాపకు సదువు తలకెక్కలేదప్పా," అంటాడు.

నేను తలెత్తకుండా నేస్తాను.