పద్దెనిమిది గీతలు

కంటి ఆసుపత్రిలో కన్నీళ్ళు కొలిచే పని ఆమెది. అందరూ పెద్దక్క అంటారు. కింది రెప్పను వేలితో కాస్త లాగి, కొలత గీతలున్న సన్నటి కాగితపు ముక్కను అంచుకు తగిలిస్తుంది. ఐదు నిమిషాల్లో తడి పది గీతలు దాటితే కన్ను బాగున్నట్టే. ఎవరైనా బిక్కమొహం వేస్తే, "నేనేం ఏడిపించనులే అమ్మా, అంతా కాగితమే చూసుకుంటుంది" అని నవ్విస్తుంది. ఇంట్లో టీవీ ముందు మాత్రం, తప్పిపోయిన కుక్కపిల్ల దొరికిందన్నా కొంగు తడిపేస్తుంది. అలాంటిది, నెల కిందట తల్లి పోయిన రోజున ఒక్క చుక్క రాలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేయిస్తూ తిరిగింది. "సీరియల్లో ముసలావిడకి దగ్గొస్తే ఏడుస్తావు. అమ్మ పోతే ఏమైందక్కా నీకు?" అని చెల్లెలు అందరి ముందూ అడిగేసింది. అప్పటినుంచి మాటల్లేవు. "నా కళ్ళు ఎండిపోయాయేమోనే" అని ఫోన్లో చెప్పబోతే పెట్టేసింది.

ఈ రోజు భోజనాల వేళ గది ఖాళీ కాగానే, తోటి ఉద్యోగినిని పిలిచి తానే రోగుల కుర్చీలో కూర్చుంది. పొడి అని తేలితే ఆ కాగితం చెల్లెలికి చూపించాలని ఆశ.

"పద్దెనిమిది, పెద్దక్కా! నిక్షేపంగా ఉంది నీ కన్ను."

"సరిగ్గా చూశావా?"

"నువ్వు నేర్పిందేగా."

"అయితే రెండోది చూడు."

రెండోదీ అంతే. ఆమె కాగితాలు రెండూ చెత్తబుట్టలో వేసి, కుర్చీ తుడిచి, బయట కూర్చున్నవాళ్ళలో మొదటి పేరు పిలిచింది.