ఎదురుగా ఎవరు కూర్చున్నారు?

మంగళూరు రేవు దగ్గర, ఖనిజం పరీక్షించే మా ల్యాబు ఉన్న వీధిలో ఈ మధ్యే ఒక చిన్న హోటలు తెరిచారు. నిన్న సాయంత్రం వాన వెలిసిందని గొడుగు మడిచి దాని ముందునుంచి నడుస్తుంటే, తాళింపులో పడ్డ తడి బొరుగుల వాసన, పసుపు, ఉల్లిపాయ, పుట్నాల పొడి అన్నీ కలిసి ఒక్కసారిగా ముక్కుకు తగిలాయి. పక్కన బాణలిలో మిరపకాయ బజ్జీలు వేగుతున్నాయి. ఈ కొబ్బరినూనె సీమలో ఉగ్గాణి వాసన వస్తే బళ్ళారి మనిషికి కాలు ముందుకు పడదు. లోపలికి వెళ్లాను. టేబుల్ తుడుస్తున్న సప్లయరు తలెత్తకుండానే కన్నడంలో "ఒబ్బరేనా?" అన్నాడు. ఒక్కరేనా అని. అవును, ఒక్కదాన్నే అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా అనడం నాకు పుట్టుకతో రాలేదు. సుమిత్ర మేడం నేర్పించారు. ఆవిడ మా పీయూ కాలేజీలో, అంటే ఇంటర్‌కి, కెమిస్ట్రీ చెప్పేవారు.

బళ్ళారి కౌల్‌బజార్‌లో మా ఇల్లు. నాయన జీన్స్ ఉతికే యూనిట్‌లో పనిచేసేవాడు, మోచేతుల దాకా ఎప్పుడూ నీలం రంగు ఉండేది. అమ్మ కుట్టిన ప్యాంట్లు ఇంటికి తెచ్చుకుని దారాలు కత్తిరించేది. అవ్వ, చిన్నాయన వాళ్లు, వాళ్ల పిల్లలు, మేము, అందరం ఆ రెండు గదుల్లోనే. అన్నానికి కూర్చుంటే ఒకరి మోకాలు ఒకరికి తగిలేది. కాలేజీకి వచ్చేదాకా నేను ఒంటరిగా ఒక్క ముద్ద మింగిన గుర్తు లేదు. మేడం ఉండేది కంటోన్మెంట్‌లో, ఒక పాత బంగళా వెనక, ఒక్కరే. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. నవ్వితే కళ్లతోనే. మనిషి మంచిదేగానీ నోరు ఊరుకునేది కాదు. ఒకసారి నేను బోర్డు మీద లెక్క తప్పు చేస్తే, "ఏంది రేణుకా, ఈక్వేషన్ బ్యాలెన్స్ చేస్తాండావా, ఇంట్లో వాళ్లకందరికీ సమంగా పంచుతాండావా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కొంచెం కోపమూ వచ్చింది.

నేను ఫస్ట్ పీయూలో ఉండగానే నాయన నన్ను కాలేజీ మాన్పించి అనంతపురం పంపాలనుకున్నాడు. అక్కడ మేనత్త ఉంది, ఇంటర్ అక్కడే చదివి, ఎంట్రన్సు అక్కడే రాస్తే సరిపోతుందని ఆయన లెక్క. ఈ సంగతి తెలిసి మేడం ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చారు. కుర్చీ లేదు, ప్యాంట్ల మూట మీదే కూర్చున్నారు. మా పెదనాయన కొడుకు సీనన్న గురించి అడిగారు. సీనన్న బాగా చదివేవాడు. కొన్నేళ్లు బళ్ళారిలో, కొన్నేళ్లు అనంతపురంలో అత్త దగ్గర, ఆ తర్వాత హైదరాబాదులో మామ దగ్గర చదివాడు. తీరా ఇంజినీరింగ్ సీటు దగ్గరికి వచ్చేసరికి ఇక్కడ బయట చదివినవాడన్నారు, అక్కడ మరో రాష్ట్రం వాడన్నారు. స్థానికుడన్న మాట ఏ ఊరూ వాడికి ఇవ్వలేదు. అప్పటికి నాయన పక్కనే ప్యాంట్లు ఉతుకుతున్నాడు.

"చూడప్పా, ఆ పిల్లోడికి మార్కులు తక్కువై సీటు పోలేదు. మనోళ్లు యాడుంటే ఆడ చదివినాడు. ఆఖరికి యాడోడూ కాకుండా పోయినాడు. ఈ పాపను కూడా అట్లే చేస్తావా?" అన్నారు మేడం.

 నాయన భయం సీటు గురించి కాదు. "ఆడపిల్ల మేడమ్మా. రేపు సీటు యాడో దూరంగా వస్తే ఒక్కతే ఎట్లుంటాది?" అన్నాడు. అది నేర్పిస్తాలే అన్నారు మేడం, టైట్రేషన్ నేర్పిస్తానన్నంత మామూలుగా. నేను బళ్ళారిలోనే ఉండిపోయాను.

నేర్పించడం ఆదివారాలు మొదలైంది. పైచదువులకు వెళ్లాలనుకునే పిల్లలు నలుగురైదుగురం మేడం ఇంటికి వెళ్లేవాళ్లం. పాత ప్రశ్నపత్రాలు చేయించేవారు. ఏ కోర్సుకు ఏ సబ్జెక్టులు కావాలో, ఏ సర్టిఫికెట్ ముందే తెచ్చుకోవాలో చెప్పేవారు. మధ్యాహ్నం మాత్రం ఒక్కొక్కరిని ఒక్కో వైపు పంపేవారు. నాకు మొదట పడిన పని, బస్టాండు దగ్గరి హోటల్లో ఒంటరిగా కూర్చుని ఉగ్గాణి తిని రావడం. ఇదేం పనో నాకు అర్థం కాలేదు. వెళ్లాను. గుమ్మంలోనే సప్లయరు "ఒబ్బరేనా?" అన్నాడు. హోటల్లో ఉన్నవాళ్లంతా నా వైపే చూస్తున్నట్టు అనిపించింది.  "పార్శిల్" అనేసి, పొట్లం కట్టించుకుని, బస్టాండు గోడ చాటున నిలబడి గబగబా తిని వచ్చేశాను.

తిరిగి వచ్చాక మేడం మూడు ప్రశ్నలు అడిగారు. ఏం తిన్నావు, ఎదురుగా ఎవరు కూర్చున్నారు, చెయ్యి వణికిందా. రెండో ప్రశ్న దగ్గర నేను నీళ్లు నమిలాను. ఆవిడ కోప్పడలేదు. పార్శిల్ కట్టించుకున్నావు గదా, మొదట ఎవరైనా అదే చేస్తారు, వచ్చే ఆదివారం మళ్లీ పో అన్నారు. ఎవరైనా అంటే తను చూసిన పిల్లలందరూ అనుకున్నాను. నాకు ఉక్రోషం వచ్చి, దీనికీ సీటుకూ ఏం సంబంధం మేడం అని అడిగేశాను. ఆవిడ నా వైపు కాకుండా కిటికీ వైపు చూశారు.

"ర్యాంకు తెచ్చుకోని పోయి, దసరాకే పెట్టె సర్దుకోని వచ్చేసినోళ్లు ఉండారు పాపా. లెక్కలు రాక వచ్చినోళ్లు కాదు వాళ్లు. పరీక్ష రాసేది ఊరంతా నేర్పిస్తాండారు. ఆ తర్వాతది ఎవురూ నేర్పించరు."

మరుసటి ఆదివారం కూర్చున్నాను. ఎదురుగా తలకు టవల్ చుట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. నా చెయ్యి వణుకుతుంటే బొరుగులు టేబుల్ మీద పడ్డాయి. ఆయన ఏమీ అనకుండా తన చట్నీ గిన్నె నా వైపు జరిపి, తన పాటికి తను తిన్నాడు. ఈ సంగతి చెప్పినప్పుడు మేడం ముఖం ఎంత వెలిగిందో, నాకు మొదటి ర్యాంకు వచ్చినా అంత వెలిగేది కాదేమో.

తర్వాత యశ్వంతనగర్ పంపారు. సండూరు దాటాక దారిలో చెట్ల ఆకులూ ఇళ్ల గోడలూ అన్నీ ఎర్రగా ఉంటాయి, ఇనుప ఖనిజం ధూళి. అక్కడ గని ఆఫీసు ల్యాబులో మేడం పాత శిష్యురాలు లక్ష్మక్క పనిచేసేది. రాయి పొడి చేయడం, తూకం వేయడం, యాసిడ్‌లో కరిగించడం, చివరకు ఇందులో ఇనుము ఇంత అని తేల్చడం చూపించింది. మా ఊరి దుమ్ములో ఇంత చదువు ఉందని నాకు ఆ రోజే తెలిసింది. మధ్యాహ్నం ఆమె కిటికీ దగ్గర టిఫిన్ డబ్బా తెరిచింది. రోజూ ఒక్కదానివే తింటావా, బేజారు కాదా అక్కా అని అడిగాను. "అవుతాది. అయితే ఏంది, అన్నం మానుకుంటామా?" అని నాకో చపాతీ పెట్టింది. తిరుగు బస్సులో నేను మెటలర్జీ చదువుతానని నిర్ణయించుకున్నాను.

ర్యాంకు వచ్చింది. గొప్పది కాదుగానీ, ఆశపడడానికి సరిపోయేది. కౌన్సెలింగ్‌లో కాలేజీలను మనం కోరుకునే వరుసలో పెట్టాలి, పైన పెట్టినది దొరికితే కిందివాటి దాకా పోదు. ఆఖరి రోజు మేడం ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాం. నాయన పనిలోంచి అట్లే వచ్చి, నీలం చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. బళ్ళారి కాలేజీ పైన పెట్టమన్నాడు. అందులో మెటలర్జీ లేదు. ఏదైతే ఏముంది, ఇంటికాడ ఉంటాది అన్నాడు. మేడం మౌస్ మీంచి చెయ్యి తీసేసి, కుర్చీ పక్కకు జరుపుకున్నారు. ఆ పాపే చెప్పాల అన్నారు. ఆవిడ నా తరఫున ఒక్క మాట అంటే బాగుండునని ఎంత ఎదురుచూశానో. అనలేదు. నాయన ముఖం చూస్తే ఏడుపొచ్చింది. మంగళూరులో సముద్రం దగ్గరి కాలేజీ, మెటలర్జీ ఉన్నది, పైన పెట్టండి మేడం అన్నాను.

"ఆడ నీకు తోడు ఎవురుండారు?" అన్నాడు నాయన.

"ఎవురూ లేరు నాయనా. ఒక్కదాన్నే తింటా. ఒక్కదాన్నే ఉంటా."

ఆయన మేడం వైపు తిరిగాడు. బస్సు యాడ ఎక్కాల మేడమ్మా అని అడిగాడు.

హాస్టల్లో మొదటి ఏడాది కష్టంగా గడిచింది. వాన ఆగదు. అక్కడివాళ్లు మాట్లాడే తుళు నాకు రాదు, నా కన్నడం విని నవ్వేవాళ్లు. సాయంత్రం అయితే చాలు, కౌల్‌బజార్‌లో ఇప్పుడు అన్నానికి కూర్చుని ఉంటారు, నా చోట ఎవరు కూర్చున్నారో అనిపించేది. మేడం నేర్పింది ఒంటరితనాన్ని పోగొట్టలేదు. అది ఉండగానే మెస్సుకు నడిచి వెళ్లి ప్లేటు పట్టుకోవచ్చని మాత్రం నేర్పింది. నా గదిలో ఉన్న అమ్మాయి దసరాకి వెళ్లి మళ్లీ రాలేదు. నేను వచ్చాను. ఆదివారం ఫోను చేస్తే మేడం అవే మూడు ప్రశ్నలు అడిగేవారు. ఒకసారి, ఎదురుగా ఒక అమ్మాయి ఏడుస్తూ కూర్చుందని, నా పెరుగు గిన్నె ఆమె వైపు జరిపానని చెప్పాను.  సరే, చదువుకో పో అని పెట్టేశారు.

మూడో ఏడు సెలవుల్లో వెళ్లినప్పుడు ఆ బంగళా వెనక గదులు బోసిగా ఉన్నాయి. ఆ ఏటి పిల్లలు సీట్లొచ్చి వెళ్లిపోయారు, కొత్తవాళ్లు ఇంకా చేరలేదు. ప్రతి ఏడూ ఇంతే, పిల్లలకు వెళ్లడం నేర్పించి, వాళ్లు వెళ్లాక ఆవిడ ఒక్కరే మిగిలేవారు. హోటల్‌కి పోదాం రండి మేడం, ఉగ్గాణి తిందాం అన్నాను. వద్దు, ఇంట్లోనే చేస్తా అన్నారు. ఇన్నేళ్లు మమ్మల్ని పంపారు, మిమ్మల్ని ఒక్కసారైనా అక్కడ చూడలేదే అని ఆట పట్టించాను. ఆవిడ నానిన బొరుగులు పిండుతూ, నా వైపు తిరగకుండా చెప్పారు.

"నాకు మైసూరులో డాక్టరు సీటు వచ్చినాది పాపా. మెస్సు గడప దాటలేకపోయినా. అందరూ గుంపులుగా కూర్చోనుంటే నేనొక్కదాన్నే యాడ కూర్చోవాల అని భయం. రూములో అరటిపండ్లు తిని ఉండినా. జ్వరమొస్తే మా నాయన వచ్చి పిల్చుకోనొచ్చినాడు. నీళ్లు పడలేదని ఊరందరికీ చెప్పినాం. ఇప్పటికీ హోటల్లో ఒక్కదాన్నే కూర్చోని తినిందే లేదు."

 ఇద్దరం వంటింట్లో నిలబడే తిన్నాం. పార్శిల్ సంగతి ఆవిడకు ఎలా తెలిసిందో అప్పుడు అర్థమైంది.

నేను ఉద్యోగంలో చేరిన తర్వాత, మేడం రిటైరైన ఏడు, ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది. మామూలుగా ఆవిడ చేయరు, నేనే చేయాలి. ఏమైందో అని కంగారుగా తీశాను. "రేణుకా, ఈ పొద్దు తిన్నా" అన్నారు. నాకు వెంటనే తోచలేదు. బస్టాండు దగ్గర, కూర్చోని తిన్నా అన్నారు. ల్యాబులో ఖనిజం యాసిడ్‌లో కరుగుతోంది, నేను బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను. ఏం తిన్నారు మేడం అని అడిగాను. ఉగ్గాణి, రెండు బజ్జీలు అన్నారు. ఎదురుగా ఎవరు కూర్చున్నారు అన్నాను. ఎవురూ కూర్చోలేదు, కుర్చీ ఖాళీగానే ఉండె అన్నారు. చెయ్యి వణికిందా మేడం అన్నాను.

"వణికినాది. అయినా ప్లేటు ఖాళీ చేసినా."

మేడం పోయి రెండేళ్లవుతోంది. అమ్మానాయనలు ఫోను చేస్తే తిన్నావా అని అడుగుతారు. ఎదురుగా ఎవరు కూర్చున్నారని అడిగేవాళ్లు ఇప్పుడు లేరు. బళ్ళారి ఖనిజం లారీల్లో ఈ రేవుకు వస్తూనే ఉంటుంది, ఆ ఎర్ర దుమ్ము నా కోటు మీద రోజూ పడుతూనే ఉంటుంది, ఊరు మాత్రం దూరంగానే ఉంది. నిన్న సప్లయరు ప్లేటు తెచ్చి పెట్టాడు. బొరుగులు కొంచెం ఎక్కువ నానాయి, బజ్జీ బాగుంది. తినేసి, చెయ్యి కడుక్కుని వచ్చి, ఇంకా కాసేపు అక్కడే కూర్చున్నాను. ఉగ్గాణి తిన్నాను మేడం. ఎదురుగా ఎవరూ కూర్చోలేదు. చాలా ఏళ్ల తర్వాత చెయ్యి కొంచెం వణికింది.